టెక్ సందేహాలు: టేబుల్ తీసేశాక పేజీని నిలబెట్టేదెలా?

ప్రశ్న: మా స్కూల్ వెబ్‌సైట్ 2004లో ఫ్రంట్‌పేజ్ అనే పాత వెబ్‌పేజీ తయారీ సాఫ్ట్‌వేర్‌తో చేసింది. పైన బ్యానర్, ఎడమ మెనూ, మధ్యలో విషయం, కుడివైపు నోటీసులు, అడుగున ఫోన్ నంబర్లు. అంతా 780 పిక్సెల్స్ వెడల్పున్న ఒకే టేబుల్, దాని గడుల్లో మళ్లీ టేబుళ్లు. ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయి. ఫ్లోట్ నేర్చుకోమని ఒకరు, ఫ్లెక్స్‌బాక్స్ అని ఒకరు, గ్రిడ్ అని ఇంకొకరు చెబుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒంగోలు నుంచి ఒక టీచర్)

జవాబు: ఫ్లోట్‌ను వదిలేయండి. బొమ్మ పక్కగా వాక్యాలు చుట్టుకుని నడవడానికి పుట్టిన సీఎస్‌ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే భాష) ప్రాపర్టీ అది. వేరే గతి లేక ఏళ్ల తరబడి పేజీ మొత్తాన్ని దాని మీద నిలబెట్టారు. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ మూడూ గ్రిడ్‌ను అందుకున్నాయి, అక్టోబర్‌లో ఎడ్జ్ కూడా చేరింది. టేబుల్ అలవాటున్నవాళ్లకు నిజానికి గ్రిడ్డే దగ్గర. ఇందులోనూ అడ్డ వరసలు, నిలువు కాలమ్‌లు, గడులు ఉంటాయి. పేజీ చట్రానికి గ్రిడ్ వాడండి. మెనూలు, బటన్లు లాంటి ఒక్క వరస సరంజామాకు ఫ్లెక్స్‌బాక్స్ చాలు.

మిమ్మల్ని ఇబ్బంది పెట్టేది కొత్త ప్రాపర్టీలు కాదు, పాత అలవాటు. టేబుల్‌లో ఏ గడి వెడల్పు ఎంతో ఆ గడి మీదే రాసేవాళ్లం. గ్రిడ్‌లో ఆ మాట గడులన్నిటినీ పట్టి ఉంచే కంటైనర్‌కు చెప్పాలి, అదీ అంకెగా కాకుండా నియమంగా: స్థలం ఇంత ఉంటే ఇలా పంచు, తక్కువైతే అలా పేర్చు.

పాత ఫైల్‌ను దిద్దుతూ కూర్చోకండి. కొత్త ఫైల్ తెరిచి విషయం మాత్రం, చదివే వరసలో రాయండి. హెడర్, నావ్, మెయిన్, అసైడ్, ఫుటర్ ట్యాగులు సరిపోతాయి. బీజీకలర్, విడ్త్, అలైన్, ఫాంట్ ఏవీ రానివ్వకండి. మొట్టమొదటి లైన్‌లో హెచ్‌టీఎంఎల్ డాక్‌టైప్ (ఇది ఏ రకం పేజీయో బ్రౌజర్‌కు చెప్పే ప్రకటన) ఉండాలి. హెడ్ భాగంలో యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలు సరిగా కనబడేలా చేసే సంకేత పద్ధతి) ప్రకటన, వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ ఉండాలి. ఈ మెటాలో విడ్త్‌కు డివైస్-విడ్త్, ఇనీషియల్-స్కేల్‌కు 1 ఇవ్వండి. ఇది లేని పేజీని ఫోన్ బ్రౌజర్ సాధారణంగా 980 పిక్సెల్స్ తెర మీద వేసినట్టు వేసి, ఆ తర్వాత కుదించి చూపిస్తుంది. మీ అక్షరాలు చిన్నవైపోవడానికి సగం కారణం అదే.

సీఎస్‌ఎస్ ఒక్క లైన్ కూడా రాయకముందే ఈ ఫైల్‌ను ఫోన్‌లో తెరిచి చూడండి. అందంగా ఉండదు గానీ, పైనుంచి కిందకు హాయిగా చదువుకోవచ్చు. ఫోన్ లేఅవుట్ అంటే ఇదే, దానికి విడిగా ఏమీ కట్టక్కర్లేదు. పెద్ద తెర కోసమే గ్రిడ్.

స్టైల్‌షీట్ మొదట్లోనే అన్ని ఎలిమెంట్లకూ బాక్స్-సైజింగ్: బార్డర్-బాక్స్ అని రాయండి. ఇది లేకపోతే 220 పిక్సెల్స్ విడ్త్ ఇచ్చిన మెనూకు రెండు వైపులా 15 ప్యాడింగ్ (లోపలి ఖాళీ), 1 బార్డర్ చేరి 252 అవుతుంది. ఎక్కడ లెక్క తప్పిందో తెలియక గంటలు పోతాయి. తర్వాత మీడియా క్వెరీలో (తెర వెడల్పును బట్టి స్టైల్స్ మార్చే నియమం) మిన్-విడ్త్ 800 పిక్సెల్స్ అని పెట్టి, అందులో బాడీకి డిస్‌ప్లే: గ్రిడ్ ఇవ్వండి. గ్రిడ్-టెంప్లేట్-కాలమ్స్‌లో మూడు విలువలు రాయాలి: 220 పిక్సెల్స్, మిన్‌మ్యాక్స్(0, 1ఎఫ్‌ఆర్), 240 పిక్సెల్స్. మిన్‌మ్యాక్స్‌లో మొదటిది కనీస వెడల్పు, రెండోది గరిష్ఠం. గ్యాప్, అంటే గడుల మధ్య ఖాళీ, 24 పిక్సెల్స్. ఇక గ్రిడ్-టెంప్లేట్-ఏరియాస్‌లో పేజీ బొమ్మను మాటలతోనే గీయొచ్చు. ఒక్కో అడ్డ వరస ఒక్కో కోట్స్‌లో:

"పైన పైన పైన"
"మెనూ విషయం నోటీసు"
"అడుగు అడుగు అడుగు"

ఈ పేర్లు తెలుగులోనే రాయొచ్చు, ఫైల్ యూటీఎఫ్-8లో సేవ్ అయి ఉంటే చాలు, బ్రౌజర్ అభ్యంతరం చెప్పదు. తర్వాత హెడర్‌కు గ్రిడ్-ఏరియా: పైన, నావ్‌కు గ్రిడ్-ఏరియా: మెనూ, ఇలా అయిదింటికీ ఇవ్వండి. ప్రతి వరసలోనూ పేర్ల సంఖ్య సమానంగా ఉండాలి. ఒకే పేరు ఎక్కడెక్కడున్నా కలిపి చూస్తే దీర్ఘచతురస్రమే కావాలి, ఎల్ ఆకారం కుదరదు. ఒక్క చోట తప్పినా ఆ ప్రాపర్టీ మొత్తాన్నీ బ్రౌజర్ పక్కన పడేస్తుంది, ఎర్రర్ మెసేజ్ కూడా రాదు.

లెక్క ఇలా నడుస్తుంది. బాడీ మార్జిన్ తీసేసి, తెర వెడల్పు 1200 అనుకుందాం. 220, 240, రెండు గ్యాప్‌లకు 48 పోగా మధ్య కాలమ్‌కు 692 మిగులుతుంది. ఎఫ్‌ఆర్ అంటే గ్యాప్‌లు, స్థిరమైన కాలమ్‌లు పోగా మిగిలినదాంట్లో వాటా. అందుకే కాలమ్‌లను శాతాల్లో ఇవ్వకండి. శాతాలు గ్యాప్‌ను లెక్కలోకి తీసుకోవు. మూడు కాలమ్‌లకు 33.33 శాతం చొప్పున ఇచ్చి గ్యాప్ పెట్టారంటే పేజీ అంతమేరా పక్కకు పొంగుతుంది.

పాత టేబుల్ గుణాల్లో చాలావాటికి ఇక్కడ జోడీ దొరుకుతుంది. సెల్‌స్పేసింగ్ చేసే పని గ్యాప్ చేస్తుంది, సెల్‌ప్యాడింగ్ పని ప్యాడింగ్‌ది. వీఅలైన్ మిడిల్ బదులు అలైన్-ఐటమ్స్: సెంటర్. కోల్‌స్పాన్ 2 అంటే గ్రిడ్-కాలమ్: స్పాన్ 2, రోస్పాన్ కూడా అలాగే గ్రిడ్-రోతో. ఒక పిక్సెల్ పారదర్శక గిఫ్ పెట్టి ఖాళీలు సాగదీసిన రోజులున్నాయి కదా, దానికి మాత్రం జోడీ లేదు, ఉండకూడదు కూడా. పక్కపక్క కాలమ్‌లు ఒకే ఎత్తులో ఉండటం టేబుల్‌కు పుట్టుకతో వచ్చిన సుగుణం. గ్రిడ్‌లోనూ ఏమీ రాయకుండానే అది వస్తుంది.

ఇంకొక్క జాగ్రత్త. ఏరియాలతోనో, ఆర్డర్ ప్రాపర్టీతోనో కంటికి కనిపించే వరసను ఎలాగైనా మార్చొచ్చు. కానీ ట్యాబ్ కీ నొక్కినప్పుడు, స్క్రీన్ రీడర్ చదివేటప్పుడు నడిచేది హెచ్‌టీఎంఎల్‌లో రాసిన వరసే. చూపు లేని పాఠకుడికి ఫుటర్ ముందు, విషయం తర్వాత వినిపించే సైట్లు ఇలాగే తయారవుతాయి.

ప్రశ్న: సైట్ అంతా ఒకేసారి మార్చే తీరిక లేదు. ముందు పాత పేజీలకే కొత్త డాక్‌టైప్ పెట్టాను. పెట్టగానే ముక్కలుగా కోసి టేబుల్‌లో అతికించిన బ్యానర్ మధ్య అడ్డంగా తెల్ల గీతలు వచ్చాయి. అక్షరాల సైజు కూడా మారిపోయింది.

జవాబు: డాక్‌టైప్ లేని పేజీని బ్రౌజర్ క్వర్క్స్ మోడ్‌లో, అంటే పాతకాలపు బ్రౌజర్ల పోకడలను అనుకరిస్తూ చూపిస్తుంది. డాక్‌టైప్ పడగానే స్టాండర్డ్స్ మోడ్‌కు మారింది. ఈ మోడ్‌లో బొమ్మ కూడా వాక్యంలో ఒక అక్షరం లాంటిదే. అక్షరాలు నిలబడే బేస్‌లైన్ అనే గీత మీద కూర్చుంటుంది, అక్షరాల కింది భాగం కోసం దాని అడుగున కొంత ఖాళీ మిగులుతుంది. మీరు చూస్తున్న గీత ఆ ఖాళీయే. ఆ టేబుల్‌లోని ఇమేజ్‌లకు డిస్‌ప్లే: బ్లాక్ ఇస్తే పోతుంది.

సైజు సంగతి: క్వర్క్స్ మోడ్‌లో బాడీకి ఇచ్చిన ఫాంట్ సైజు, రంగు టేబుల్ లోపలికి దిగేవి కావు. అందుకే అప్పట్లో ప్రతి గడిలోనూ ఫాంట్ ట్యాగ్ రాయాల్సి వచ్చేది. ఇప్పుడు దిగుతున్నాయి కాబట్టి ఫాంట్ ట్యాగ్ లేని గడుల్లో అక్షరాలు మారాయి. బాడీలో సైజు ఒక్కసారి సరిచేసి, ఫాంట్ ట్యాగులు తీసేయండి. ముక్కల బ్యానర్‌ను కొత్త పేజీకి మాత్రం మోసుకెళ్లొద్దు, ఒకే బొమ్మ చేసి పెట్టండి.

ప్రశ్న: మూడు కాలమ్‌లకూ 1ఎఫ్‌ఆర్ చొప్పున ఇచ్చాను. సమానంగా రావాల్సింది పోయి ఒకటి ఉబ్బిపోతోంది. ఫోన్‌లో పేజీ పక్కకు జరుగుతోంది.

జవాబు: టేబుల్ నుంచి వచ్చినవాళ్లందరూ తగిలించుకునే రాయి ఇది. 1ఎఫ్‌ఆర్ అని ఉత్తగా రాస్తే బ్రౌజర్ దాన్ని మిన్‌మ్యాక్స్(ఆటో, 1ఎఫ్‌ఆర్)గా చదువుతుంది. ఆ ఆటో వల్ల, లోపల విరగడానికి వీల్లేని పదార్థం ఎంత వెడల్పుంటే కాలమ్ అంతకంటే తగ్గదు. పొడవాటి వెబ్ అడ్రస్, విశాలమైన టేబుల్, రాసింది రాసినట్టే చూపే ప్రీ ట్యాగ్‌లోని కోడ్... ఏదో ఒకటి లోపల కూర్చుని ఉంటుంది. పైన 1ఎఫ్‌ఆర్ అనకుండా మిన్‌మ్యాక్స్(0, 1ఎఫ్‌ఆర్) అని రాయించింది ఇందుకే. ఫ్లెక్స్‌బాక్స్‌లోనూ ఇదే జబ్బు, అక్కడ మందు ఉబ్బిన ఐటమ్‌కు మిన్-విడ్త్: 0.

కాలమ్ తగ్గాక లోపలిది బయటకు పొంగుతుంది, దాన్నీ చూసుకోవాలి. బొమ్మలకు మ్యాక్స్-విడ్త్ 100 శాతం, హైట్ ఆటో ఇవ్వండి. ప్రీకి ఓవర్‌ఫ్లో-ఎక్స్: ఆటో. వెబ్ అడ్రస్‌లకు ఓవర్‌ఫ్లో-ర్యాప్: ఎనీవేర్. ఇదే ప్రాపర్టీకి బ్రేక్-వర్డ్ అనే విలువ కూడా ఉంది. అది మాటను విరుస్తుంది గానీ కాలమ్ కనీస వెడల్పును తగ్గించదు, కాబట్టి ఇలాంటి చోట ఎనీవేరే పనికొస్తుంది.

దొంగ ఎవరో తెలియకపోతే తాత్కాలికంగా అన్ని ఎలిమెంట్లకూ 1 పిక్సెల్ ఎర్ర అవుట్‌లైన్ ఇవ్వండి. బార్డర్ వద్దు, అది స్థలం తీసుకుని లెక్క మార్చేస్తుంది. తెర దాటి వెళ్లిన ఎర్ర గీతను పట్టుకోండి. బాడీకి ఓవర్‌ఫ్లో-ఎక్స్: హిడెన్ పెట్టి పని కానిచ్చేవాళ్లున్నారు. జబ్బు పోదు, కుడివైపు విషయం తెగిపోతుంది, అంతే.

ప్రశ్న: నోటీసుల పక్క మెనూ స్క్రోల్ చేసినా కనబడుతూ ఉండాలని పొజిషన్: స్టికీ ఇచ్చాను. కదలకుండా ఆగట్లేదు.

జవాబు: టాప్: 0 ఇచ్చారా? అది లేనిదే స్టికీ పనిచేయదు. ఇచ్చినా ఆగకపోతే, గ్రిడ్ ఆ మెనూను వరస ఎత్తంతా సాగదీసి ఉంటుంది, జరగడానికి చోటే మిగల్లేదు. అలైన్-సెల్ఫ్: స్టార్ట్ ఇవ్వండి. ఇంకా కాకపోతే పైనున్న ఏదో ఎలిమెంట్‌కు ఓవర్‌ఫ్లో: హిడెన్ ఉందేమో వెతికి తీసేయండి, లేదా క్లిప్‌గా మార్చండి.

ప్రశ్న: ఫొటో కార్డులు పెద్ద తెర మీద మూడు, ఫోన్‌లో ఒకటి రావాలి. ఎన్ని మీడియా క్వెరీలు రాయాలి? (కరీంనగర్)

జవాబు: ఒక్కటీ అక్కర్లేదు. గ్రిడ్-టెంప్లేట్-కాలమ్స్‌లో రిపీట్(ఆటో-ఫిట్, మిన్‌మ్యాక్స్(240 పిక్సెల్స్, 1ఎఫ్‌ఆర్)) అని రాయండి, గ్యాప్ 24. మూడు కార్డులు పట్టాలంటే 720కి 48 కలిపి 768 కావాలి. కంటైనర్ 760 ఉంటే రెండే వస్తాయి, ఒక్కోటి 368 వెడల్పున. ఆటో-ఫిట్ బదులు ఆటో-ఫిల్ వాడితే, కార్డులు రెండే ఉన్నప్పుడు వాటిని సాగదీయకుండా మూడో కాలమ్‌ను ఖాళీగా ఉంచుతుంది. గ్యాలరీకి నాకు ఫిల్ మేలనిపిస్తుంది, రెండే ఫొటోలు తెరంతా పరుచుకుంటే ఎబ్బెట్టుగా ఉంటుంది.

కార్డుల్లోని శీర్షికలు కొన్ని ఒక లైన్, కొన్ని రెండు లైన్లు ఉండి కింది బటన్లు ఎగుడుదిగుడుగా వస్తుంటే సబ్‌గ్రిడ్ (లోపలి గ్రిడ్ బయటి గ్రిడ్ వరసలనే వాడుకోవడం) చూడండి. కార్డుకు గ్రిడ్-రో: స్పాన్ 3, డిస్‌ప్లే: గ్రిడ్, గ్రిడ్-టెంప్లేట్-రోస్: సబ్‌గ్రిడ్. బొమ్మ, శీర్షిక, బటన్ మూడూ పక్క కార్డులతో వరస కలుస్తాయి. క్రోమ్‌లో ఇది 2023 సెప్టెంబర్‌లో వచ్చింది, అంతకంటే పాత క్రోమ్‌లో వరస కలవదు గానీ కార్డులైతే కనిపిస్తాయి.

ప్రశ్న: ఇంగ్లిష్ టెంప్లేట్‌లో తెలుగు పెడితే శీర్షికల్లో వత్తులు తెగిపోతున్నాయి.

జవాబు: ఆ టెంప్లేట్లలో శీర్షికల లైన్-హైట్ 1.1, 1.2 మధ్య ఉంటుంది. ‘రాష్ట్ర’, ‘స్త్రీ’ లాంటి మాటల్లో కిందకు దిగే వత్తులకు ఆ చోటు చాలదు. శీర్షికలకు 1.5, మామూలు వాక్యాలకు 1.7 దాకా పెంచండి. విలువను పిక్సెల్స్‌లో కాకుండా ఉత్త అంకెగా రాయాలి. బాడీకి 24 పిక్సెల్స్ అని రాస్తే 32 పిక్సెల్స్ శీర్షికకూ ఆ 24 లైనే సంక్రమించి, రెండు లైన్ల శీర్షిక ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది. పెట్టెలకు హైట్ బదులు మిన్-హైట్ ఇవ్వండి. ఓవర్‌ఫ్లో: హిడెన్ తప్పనిసరైన చోట అడుగున 0.2 ఈఎమ్ (అక్షరం సైజులో అయిదో వంతు) ప్యాడింగ్ కలపండి. తెలుగు మాటలు సమాసాలతో, విభక్తులతో పొడుగవుతాయి కాబట్టి మెనూ పెట్టెల వెడల్పును ఇంగ్లిష్ మాటను చూసి బిగించకండి.

ప్రశ్న: ఫీజుల పట్టిక, బస్సు వేళల పట్టిక కూడా టేబుల్ లేకుండా చేయాలా? నెలనెలా తల్లిదండ్రులకు పంపే ఈమెయిల్ సంగతేమిటి?

జవాబు: పట్టిక పట్టికే. ఫీజులను డివ్‌లతో కడితే ఏ అంకె ఏ తరగతిదో స్క్రీన్ రీడర్ చెప్పలేదు. టేబుల్‌ను ఉంచి, తలవరసకు టీహెచ్ వాడండి. చుట్టూ ఒక డివ్ పెట్టి ఓవర్‌ఫ్లో-ఎక్స్: ఆటో ఇస్తే ఫోన్‌లో పట్టిక మాత్రమే పక్కకు జరుగుతుంది, పేజీ జరగదు.

ఈమెయిల్‌లో మీ పాత విద్యకు ఇంకా గిరాకీ ఉంది. విండోస్‌లోని పాత అవుట్‌లుక్ 2007 నుంచీ హెచ్‌టీఎంఎల్‌ను వర్డ్ ఇంజిన్‌తోనే చూపిస్తోంది, దానికి గ్రిడ్, ఫ్లెక్స్ తెలియవు. అక్కడ 600 పిక్సెల్స్ టేబుల్, గడుల మీదే వెడల్పులు, స్టైల్స్‌ను విడిగా కాకుండా ఏ ట్యాగ్‌కు ఆ ట్యాగ్ మీదే రాయడం, అన్నీ మీకు తెలిసినవే. లేఅవుట్ కోసం వాడిన ప్రతి టేబుల్‌కూ రోల్: ప్రెజెంటేషన్ అనే గుణం చేర్చండి, స్క్రీన్ రీడర్ దాన్ని పట్టికగా చదవదు. కోడ్ 102 కేబీ దాటనివ్వకండి, జీమెయిల్ మిగతాది కత్తిరించి, పూర్తి మెసేజ్ కోసం లింక్ ఒకటి పెడుతుంది.