‘ఆన్ ద హార్న్స్ ఆఫ్ ఎ డైలమా’ అంటే ఏమిటి? ఇందులో కొమ్ములెందుకు?

ఉన్నవి రెండే దారులు, రెండింట్లోనూ ఇబ్బందే, అయినా ఒకటి ఎంచుకోక తప్పదు. ఇంగ్లిషులో ఆ స్థితికి వాడే మాట ఇది. డైలమా గ్రీకు పదం: ‘డై’ అంటే రెండు, ‘లెమ్మా’ అంటే వాదనకు ఆధారంగా తీసుకున్న మాట. ఏది ఒప్పుకున్నా ఓడిపోయేలా అల్లిన ఇలాంటి వాదనను లాటిన్ తర్కంలో ‘కొమ్ముల వాదన’ అన్నారు. ఒక కొమ్ము తప్పించుకుంటే రెండోది పొడుస్తుంది.

దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ, వాదనా కళ నేర్పిన ప్రాచీన గ్రీకు గురువు ప్రొటాగరస్ కథ. మొదటి కేసు గెలిచాక మిగతా ఫీజు ఇస్తానని యువాథ్లస్ ఆయన దగ్గర వాదన నేర్చుకున్నాడు. తర్వాత కేసులే పట్టలేదు. గురువు కోర్టుకెక్కి, “నేను గెలిస్తే తీర్పు ప్రకారం ఇవ్వాలి, నువ్వు గెలిస్తే ఒప్పందం ప్రకారం ఇవ్వాలి” అన్నాడు. శిష్యుడు దాన్నే తిప్పికొట్టాడు: “నేను గెలిస్తే తీర్పు ప్రకారం ఇవ్వక్కర్లేదు, ఓడితే ఒప్పందం ప్రకారం ఇవ్వక్కర్లేదు.” పాపం, న్యాయమూర్తులు ఎటూ తేల్చలేక కేసు వాయిదా వేశారట.

తెలుగులో దీనికి దగ్గరి సామెత “కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం”. “ముందు నుయ్యి, వెనక గొయ్యి” కూడా వాడొచ్చు కానీ, అందులో ఎంపిక కన్నా ఇరుక్కుపోవడమే ఎక్కువగా వినిపిస్తుంది. ఏ చీర కొనాలో తేలక ఊగిసలాడుతుంటే మాత్రం కొమ్ములు అక్కర్లేదు. అక్కడ ‘ఇన్ టూ మైండ్స్’ సరిపోతుంది.