కంప్యూటర్ మాటిమాటికీ రీస్టార్ట్ అవుతోంది, షాపువాళ్లు వారంటీ లేదంటున్నారు

సందేహం: దేవరకొండలో నేను, నా భార్య చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుకుంటున్నాం. ఎనిమిది నెలల కింద నల్లగొండలో ఒక షాపులో 38,500 రూపాయలకు అసెంబుల్డ్ డెస్క్‌టాప్ కొన్నాం. డబ్బులు ఫోన్‌పే చేశాం. బిల్లు అడిగితే మామూలు చిట్టీ రాసిచ్చి, మూడేళ్ల వారంటీ అని నోటితో చెప్పారు. నెల రోజులుగా ఆన్ చేస్తే లోగో వరకు వచ్చి మళ్లీ రీస్టార్ట్ అవుతోంది. రెండుసార్లు తీసుకెళ్తే ఫార్మాట్ కొట్టి విండోస్ వేసిచ్చారు. వారానికే మళ్లీ అదే కథ. ఇప్పుడేమో కరెంటు ఎక్కువ తక్కువై మదర్‌బోర్డు పోయింది, వారంటీ రాదు, 6,500 కట్టండి అంటున్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ రేపే వేయకండి. మీ మాట నిజమేనని నాకు అనిపిస్తోంది. వినియోగదారుల కమిషన్‌కు (ఈ కేసులు వినే కోర్టు లాంటిది) అనిపించాలంటే మీ దగ్గర ఇంకొంచెం కాగితం ఉండాలి.

సెంటర్ కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులే కాదని షాపువాళ్లు వాదిస్తారు. దానికి టెన్షన్ పడకండి. వ్యాపార అవసరానికి కొన్నవాళ్లను 2019 వినియోగదారుల రక్షణ చట్టం పక్కన పెట్టినా, స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొని వాడుకునేవాళ్లకు ఆ అడ్డు లేదు. సెంటర్‌లో పని చేసేది మీ ఇద్దరేనని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి.

చిట్టీని పారేయకండి. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని అదే చట్టం చెబుతోంది. ఫోన్‌పే రసీదు, కొనేముందు వాట్సాప్‌లో పంపిన కొటేషన్ ఉంటే కొనుగోలు రుజువైనట్టే. వారంటీ గురించి నోటితో చెప్పిన మాటను మాత్రం ఇప్పుడే రాతలోకి తెచ్చుకోండి. "మూడేళ్ల వారంటీ అన్నారు కదా, ఏయే పార్టుకు ఎంతకాలం?" అని వాట్సాప్‌లో అడగండి. వాళ్లు ఏం జవాబిచ్చినా మీకు పనికొస్తుంది.

అసలు సంగతి, లోపం ఎక్కడుందన్నది. మెకానిక్ వెతికేదీ, కమిషన్ అడిగేదీ అదే. రీస్టార్ట్ కావడానికి ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ (లోపలి పార్టులకు కరెంటు ఇచ్చే డబ్బా), మదర్‌బోర్డు, వేడెక్కుతున్న ప్రాసెసర్, చెడిన డిస్క్, విండోస్, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. 2024 జులై 19న ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో వచ్చిన తప్పుతో ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. చాలావి ఇలాగే రీస్టార్ట్ అవుతూ కూర్చున్నాయి. అక్కడ తప్పు సాఫ్ట్‌వేర్‌ది, మదర్‌బోర్డులది కాదు. కాబట్టి "బోర్డు పోయింది" అన్న ఒక్క మాటను ఊరికే ఒప్పుకోకండి.

క్యాబినెట్‌కు వారంటీ స్టిక్కర్ ఉంటే మీరు విప్పకండి. విప్పారన్న మాట వాళ్లకు దొరకొద్దు. విప్పకుండానే చేసే పరీక్ష ఒకటుంది. ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్ 2 గానీ వరుసగా నొక్కి బయోస్ తెర (విండోస్ ఎక్కకముందే వచ్చే సెట్టింగ్స్ తెర) తెప్పించండి. అరగంట అలాగే వదిలేసి, మొత్తం ఫోన్‌లో వీడియో తీయండి. అక్కడ కూడా రీస్టార్ట్ అయితే తప్పు విండోస్‌ది కాదు, లోపలి సామానుది. అలాంటప్పుడు రెండుసార్లు ఫార్మాట్ కొట్టడం దండగ పనే, అది సేవాలోపం కిందికి వస్తుంది. బయోస్‌లో నిలకడగా ఉండి లోగో దగ్గరే పడిపోతుంటే విండోస్‌నో డిస్క్‌నో అనుమానించాలి. అప్పుడు మదర్‌బోర్డు పోయిందన్న మాట బలహీనపడుతుంది. విండోస్ వరుసగా రెండు మూడుసార్లు ఎక్కలేకపోతే రిపేర్ తెర దానంతటదే వస్తుంది. అందులో స్టార్టప్ సెట్టింగ్స్‌కి వెళ్లి ఆటోమేటిక్ రీస్టార్ట్ ఆపేస్తే, నీలం తెర మీద ఎర్రర్ కోడ్ నిలబడుతుంది. దాన్ని ఫొటో తీయండి.

తర్వాత షాపుకు తీసుకెళ్లి జాబ్ షీట్, అంటే రిపేరుకు తీసుకున్నట్టు రాసిచ్చే కాగితం అడగండి. సీరియల్ నంబర్లు, మీరు చెప్పిన లోపం, తేదీ, "నన్ను అడగకుండా ఫార్మాట్ చేయవద్దు" అన్న మాట అందులో ఉండాలి. మీ డిస్క్‌లో జనం ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్కు స్కాన్లు ఉంటాయి కదా, వాటి భారం మీ మీదే ఉంది. జాబ్ షీట్ ఇవ్వనంటే ఇంటికొచ్చి అదే సంగతి వాట్సాప్‌లో పెట్టండి.

కరెంటు వల్ల పోయిందంటే ఏ పార్టు, ఏ ఆనవాలు చూసి చెబుతున్నారో రాసివ్వమనండి. అదే యూపీఎస్ మీద ఉన్న మానిటర్, అదే గదిలోని ప్రింటర్ బాగానే ఉంటే ఆ మాట షాపుకు పంపే నోటీసులో రాయాలి. మీ షట్టర్‌లో ఎర్తింగ్ సరిగా లేకపోతే దాన్ని మీ వకీలు దగ్గర దాచకండి. అది వాళ్ల చేతిలో గట్టి వాదన అవుతుంది.

ఇవి చేతికొచ్చాక 15 రోజుల గడువిస్తూ తెలుగులోనే షాపుకు ఆ నోటీసు రాసి స్పీడ్ పోస్ట్‌లో పంపండి. దాంతోపాటు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చాలా తగాదాలు అక్కడే తెగుతాయి. తెగకపోతే నల్లగొండ జిల్లా కమిషన్‌కు వెళ్లండి. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు, మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. షాపు హైదరాబాద్‌లో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే వేసుకునే హక్కు ఈ చట్టం ఇచ్చింది.

లోపం పరీక్షలో తప్ప తేలదనుకుంటే కమిషన్ వస్తువును ల్యాబ్‌కు పంపగలదు. అందుకే కేసు నడిచేటప్పుడు ఆ బోర్డును బయట బాగుచేయించకండి, అమ్మకండి. సెంటర్ ఆగొద్దంటే వేరే సిస్టమ్ కిరాయికి పెట్టుకుని దీన్ని అలాగే మూసిపెట్టండి. ఆ కిరాయి రసీదులు దాచితే నష్టపరిహారంలో చూపొచ్చు. రిపేరు గానీ, మార్పిడి గానీ, డబ్బు వాపసు గానీ అడగండి. పోయిన ఆదాయానికి లెక్క చూపగలిగినంతే అడగండి. లక్షలు రాస్తే మిగతా మాటల మీద కూడా నమ్మకం తగ్గుతుంది.

గడువు రెండేళ్లు. లోపం మొదట బయటపడిన రోజు నుంచే లెక్క వేసుకోండి. షాపువాళ్లు "వచ్చే వారం చూద్దాం" అన్నన్ని రోజులూ ఆ గడువు తరుగుతూనే ఉంటుంది.