స్పానిష్ మీడియం అమ్మాయికి ఇంగ్లీషు కోసం హైదరాబాద్ ఇంటర్ అవసరమా?

ప్రశ్న: ఎనిమిదేళ్ళుగా మెక్సికోలోని గ్వాదలహారాలో ఉంటున్నాం. నాది ఐటీ ఉద్యోగం. మా అమ్మాయికి 15 ఏళ్ళు, మొదటి నుంచీ స్పానిష్ మీడియం. సెకుందారియా (ఏడు నుంచి తొమ్మిదో తరగతి దాకా) మూడో ఏడు పూర్తవుతోంది. స్కూల్లో వారానికి మూడు పీరియడ్లే ఇంగ్లీషు, స్థాయి బీ1 (యూరోపియన్ కొలమానంలో మధ్యస్థం) అన్నారు. మొన్న వీడియో కాల్‌లో మా అన్నయ్య పిల్లలతో ‘ఐ హావ్ ఫిఫ్టీన్ ఇయర్స్’ అంది. అందరూ నవ్వారు. డిగ్రీకి అమెరికా గానీ కెనడా గానీ పంపాలని మా ఆశ. హైదరాబాద్‌లో అన్నయ్య దగ్గర ఉంచి ఇంటర్ చదివించడం మంచిదా? ఇక్కడే ప్రెపాలో (సెకుందారియా తర్వాతి మూడేళ్ళ చదువు) చేర్చి ఐఎల్‌టీఎస్ కోచింగ్, నేటివ్ స్పీకర్‌తో ఆన్‌లైన్ క్లాసులు పెట్టించడం మంచిదా? ఇప్పటికైతే ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాలని రూలు పెట్టాం.

జవాబు: మీ ఉత్తరంలో అసలు నొప్పి ఆ నవ్వు దగ్గరుంది. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం. స్పానిష్‌లో వయసు, ఆకలి, భయం, చలి అన్నీ మనిషి దగ్గర ‘ఉంటాయి’. ‘తేంగో కిన్సె అన్యోస్’ (నా దగ్గర పదిహేనేళ్ళున్నాయి) అని రోజూ చెప్పే పిల్ల దాన్నే ఇంగ్లీషులోకి తెచ్చుకుంది. స్పానిష్‌లో చదువుకున్న విద్యార్థులు చాలామంది చేసే మొదటి తప్పుల్లో ఇదొకటి. పది నిమిషాల్లో సరిచేయొచ్చు. దీనికోసం పిల్లను ఖండం దాటించాలా? వారానికి మూడు పీరియడ్లతో 15 ఏళ్ళకు బీ1 అంటే ఆ పిల్ల బాగా చదువుతున్నట్టే. నవ్విన పిల్లలకు స్పానిష్‌లో ఒక్క వాక్యం వచ్చా అని మీరు ఆ కాల్‌లోనే అడిగి ఉండాల్సింది.

ఇంటర్ విషయంలో మీరు లెక్కేసుకోనిది ఒకటుంది. ప్రిమారియా ఆరేళ్ళు, సెకుందారియా మూడేళ్ళు, మొత్తం తొమ్మిది. ఇంటర్‌కు పదో తరగతి పూర్తయి ఉండాలి. అంటే ఇప్పుడు వస్తే ముందు పదిలో కూర్చోవాలి, తర్వాత ఇంటర్. తెలుగు ఇంట్లో మాట్లాడటమే తప్ప రాయడం ఎంతవరకు వచ్చో మీరు చెప్పలేదు. లెక్కలు, సైన్సు పదాలన్నీ ఆమెకు స్పానిష్‌లోనే తెలుసు. వాటిని మార్చుకుంటూ, కొత్త ఊళ్ళో, తల్లిదండ్రులు లేకుండా చదవాలి. పైగా కార్పొరేట్ కాలేజీలో రోజంతా మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ చుట్టూనే తిరుగుతుంది. ఇంగ్లీషు అక్కడ పాసైతే చాలనుకునే సబ్జెక్టు, తోటి పిల్లల మాటలు తెలుగులోనో హిందీలోనో. ఇంజనీరింగ్ ఇండియాలోనే చదివించాలనుకుంటే అప్పుడు మాట వేరు. ఇంగ్లీషు కోసమైతే వద్దు. ఈ పోలికను ఇంతకంటే సాగదీయను.

ప్రెపాలో చేర్పించండి. ద్విభాషా సెక్షన్ దొరికితే మరీ మంచిది. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియెట్) అన్న బోర్డు చూసి మాత్రం మురిసిపోకండి. ఐబీ డిప్లొమా స్పానిష్‌లో కూడా ఇస్తారు. ఏ సబ్జెక్టు ఏ భాషలో చెబుతారో, పరీక్ష ఏ భాషలో రాయాలో ముందే అడగండి.

ఇక ‘ఇంట్లో ఇంగ్లీషే’ రూలు. దాన్ని ఇవాళే తీసేయండి. ‘ఐ లివ్ హియర్ సిన్స్ ఎయిట్ ఇయర్స్’ అని స్పానిష్ ఆమె చేత అనిపిస్తుంది, ‘ఎనిమిదేళ్ళ నుంచి ఉంటున్నాం’ అనే తెలుగు మీ చేత ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ఎయిట్ ఇయర్స్’ అనిపిస్తుంది. రావాల్సింది ‘హావ్ బీన్ లివింగ్ ఫర్ ఎయిట్ ఇయర్స్’. ఇద్దరూ ఒకే గుంటలో ఉన్నారు, ఎవరు ఎవరిని లాగుతారు? కర్తను వదిలేయడమూ అంతే. తెలుగులో ‘వెళ్ళాను’ అంటే చాలు, స్పానిష్‌లోనూ క్రియ చివరే మనిషిని చెప్పేస్తుంది. అందుకే ఆమె ‘ఈజ్ రెయినింగ్’, ‘ఈజ్ ఇంపార్టెంట్ టు స్టడీ’ అని రాస్తుంది. మన ‘తన’ లాగే స్పానిష్ ‘సు’ కూడా మగా ఆడా తేడా చూడదు. కాబట్టి ‘మై బ్రదర్ అండ్ హర్ వైఫ్’ వస్తుంది.

‘ద’ దగ్గర మాత్రం మీ ఇద్దరి దారులు వేరు, అక్కడే మీ దిద్దుబాటు చెడగొడుతుంది. తెలుగులో ఆర్టికల్ లేదు కనుక మనం వదిలేస్తాం. స్పానిష్‌లో సాధారణంగా చెప్పే మాటకు కూడా ఆర్టికల్ ఉంటుంది కనుక ఆమె ‘ద లైఫ్ ఈజ్ హార్డ్’ అంటుంది. ‘ద తీసెయ్’ అని మీరంటే అవసరమైన చోట కూడా తీసేస్తుంది. ఆమెకు చెప్పాల్సిన సూత్రం ఇది: మొత్తం జాతి గురించో భావం గురించో అయితే స్పానిష్ ఆర్టికల్స్ ఎల్, లా ఇంగ్లీషులోకి తేవద్దు, ఫలానా ఒక్కదాని గురించైతే తెచ్చుకో, వృత్తి చెప్పేటప్పుడు స్పానిష్‌లో ఏమీ లేకపోయినా ‘ఎ’, ‘ఆన్’ చేర్చు. ‘సోయ్ ఎస్తుదియాంతె’, కానీ ‘ఐ యామ్ ఎ స్టూడెంట్’.

ఇంట్లో తెలుగే మాట్లాడండి. అందులో ఇంగ్లీషుకు పనికొచ్చేదీ ఉంది. స్పానిష్‌లో అచ్చు ధ్వనులు ఐదే, పొట్టి పొడుగు తేడా లేదు. అందుకే అక్కడి పిల్లలకు ‘షిప్’, ‘షీప్’ ఒకేలా వినిపిస్తాయి. విధి, వీధి వేర్వేరుగా వినే చెవి మీ అమ్మాయికి ఇంట్లోనే దొరికింది. ‘ఎస్కూల్’, ‘ఎస్టూడెంట్’ అంటుంటే ముందు ‘స్స్స్’ అని రెండు సెకన్లు సాగదీసి, ఊపిరి ఆపకుండా ‘కూల్’ చేర్చమనండి.

పదాల దగ్గరికి వస్తే, ఐదు వేల కష్టమైన పదాలు నేర్పే యాప్‌లకు డబ్బు కడితే చాలావరకు వృథా. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక ఫ్రెంచి, దాని వెనకే లాటిన్ మాటలు ఇంగ్లీషులోకి పెద్దయెత్తున వచ్చాయి. మనకు బరువుగా అనిపించే ఇంగ్లీషు చాలావరకు స్పానిష్‌కు చుట్టరికం. ‘సియోన్’తో ముగిసేవి ‘షన్’ అవుతాయి, ‘దాద్’ అంటే ‘టీ’, ‘మెంతె’ అంటే ‘లీ’. 2000లో ఏవరిల్ కాక్స్‌హెడ్ తయారుచేసిన అకడమిక్ పదాల జాబితాలో 570 పద కుటుంబాలున్నాయి. ఎక్కువ భాగం లాటిన్, గ్రీకు మూలాలవే. హైదరాబాద్‌లో ఆ అన్నయ్య పిల్లలు బట్టీ పట్టేవాటిని ఈమె చూసి ఊహించగలదు.

ఆమె తడబడేది చిన్న మాటల దగ్గర. ‘టాలరేట్’, ‘పోస్ట్‌పోన్’ వస్తాయి; ‘పుట్ అప్ విత్’, ‘పుట్ ఆఫ్’ రావు. ‘టర్న్ డౌన్’, ‘లుక్ ఆఫ్టర్’, ‘గెట్ ఓవర్’ వినగానే ఆగిపోతుంది. క్లాసులో ప్రొఫెసరూ పక్క సీటు పిల్లలూ మాట్లాడేది ఈ భాషే. యాప్ పదాల స్థానంలో రోజుకు మూడు ఇలాంటి క్రియలు పెట్టండి.

రెండో ప్రమాదం మోసం చేసే పోలికలు. ‘ఆక్తువాల్‌మెంతె’ అంటే ప్రస్తుతం, ‘యాక్చువల్లీ’ కాదు. ‘ఆసిస్తిర్’ హాజరవడం, ‘అసిస్ట్’ కాదు. ‘కార్పెతా’ ఫోల్డరు, ‘లిబ్రెరియా’ పుస్తకాల షాపు, ‘ఎక్సితో’ విజయం, ‘సెన్సిబ్లె’ సున్నితమైన మనిషి. ‘ఎంబరసాదా’ అంటే గర్భవతి, ‘ఎంబరాస్డ్’ రాయబోయి దీన్ని తలచుకుంటే ఇబ్బందే. ‘బియోన్’ అంటే లక్ష కోట్లు, ఇంగ్లీషు బిలియన్ వంద కోట్లు. ఎకనామిక్స్ వ్యాసంలో ఈ తేడా కొంప ముంచుతుంది. ఇలాంటివి ఒక నలభై ఏరి విడిగా రాసుకుంటే చాలు, వందల్లో అక్కర్లేదు.

నేటివ్ స్పీకర్ క్లాసుల మీద నాకున్న అనుమానం చెప్పాలి. అరగంట కబుర్లలో అవతలి మనిషి అర్థం చేసుకుని తల ఊపుతాడు. ‘పీపుల్ ఈజ్’, ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’, ‘డిపెండ్స్ ఆఫ్’ అలాగే గట్టిపడిపోతాయి. తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని మనిషి దాన్ని పీకలేడు. ‘లా హెంతె’ (జనం) ఏకవచనం కాబట్టి ‘పీపుల్ ఈజ్’ వచ్చిందని వెంటనే చెప్పగలిగేది స్పానిష్ తెలిసిన ఇంగ్లీషు టీచరు. గ్వాదలహారాలోనే అలాంటి టీచరును వెతికి, వారానికి ఒక గంట, రాసినవి దిద్దడానికి మాత్రమే పెట్టుకోండి. యాస పోగొడతామనే కోర్సుల జోలికి అసలు వెళ్ళకండి.

15 ఏళ్ళకు ఐఎల్‌టీఎస్ కోచింగ్ ఎందుకో నాకు అర్థం కాలేదు. స్కోరు రెండేళ్ళే చెల్లుతుంది. ఇప్పుడు రాస్తే 18 ఏళ్ళకు అది చిత్తుకాగితం. స్థాయి లేకుండా కోచింగ్‌లో నేర్పే టెంప్లేట్లు వ్యాసాన్ని పాడుచేస్తాయి కూడా.

కేంబ్రిడ్జ్ వారి అంచనాలో బీ1కు 350 నుంచి 400 గంటలు, బీ2కు 500 నుంచి 600 గంటలు పడతాయి. అంటే తేడా ఇంచుమించు 200 గంటలు. రోజుకు 40 నిమిషాలు, 300 రోజులు అంటే సరిగ్గా అంతే. ఆ లెక్క టీచరు నడిపించే గంటలది, అందుకే పైన చెప్పిన టీచరు, స్కూలు పీరియడ్లు తోడుండాలి.

ఆ 40 నిమిషాల్లో మొదటి పది డిక్టేషన్‌కి. ఒక్క నిమిషం ఆడియో, మూడుసార్లు విని రాయాలి. తర్వాత స్క్రిప్టుతో పోల్చి ఏమి జారిపోయిందో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టాలి. ఎక్కువగా జారేవి క్రియ చివరి ‘ఎస్’, ‘ఈడీ’, ‘ద’. తర్వాతి ఇరవై నిమిషాలు 120 పదాలు రాయడం, దిద్దుకోవడం. దిద్దేటప్పుడు అన్నీ ఒకేసారి చూస్తే ఏదీ కనపడదు. మొదటిసారి ప్రతి క్రియకూ కర్త ఉందా అని మాత్రమే చదవాలి, రెండోసారి ‘ఎస్’, మూడోసారి ఆర్టికల్స్, నాలుగోసారి ఇన్, ఆన్, ఎట్ (స్పానిష్‌లో ఈ మూడింటికీ చాలాచోట్ల ‘ఎన్’ ఒక్కటే), చివరిసారి కామాలు. స్పానిష్‌లో కామాలతో సాగిపోయే వాక్యం ఇంగ్లీషులో తప్పు కిందికి వస్తుంది. రెండు పూర్తి వాక్యాల మధ్య కామా ఒక్కటే ఉంటే ఫుల్‌స్టాప్ పెట్టాలి. వారాలు, నెలలు, భాషల పేర్లకు పెద్దక్షరం పెట్టడం కూడా అప్పుడే చూసుకోవాలి, స్పానిష్‌లో వాటికి చిన్నక్షరమే. మిగిలిన పది నిమిషాలు ఆ మూడు క్రియలకు: పక్కన స్పానిష్ అర్థం, తన సొంత వాక్యం ఒకటి. మర్నాడు, వారానికి, నెలకు మళ్ళీ చూడాలి. శనివారం వీటి బదులు, తన పాఠ్యపుస్తకంలోని స్పానిష్ పేరా ఒకటి ఇంగ్లీషులో రాసి, మూడు రోజుల తర్వాత పుస్తకం మూసి మళ్ళీ స్పానిష్‌లోకి తెచ్చుకోవాలి. అర్థం ఎక్కడ మారిందో అక్కడే తప్పుంటుంది.

మీ పని, మాట మధ్యలో దిద్దకుండా ఉండటం. ఇది మీకు కష్టమే అని తెలుసు, అయినా ఉండండి. స్పానిష్ మరిపించే ప్రయత్నం అంతకంటే ముందు మానండి. 20 దేశాల్లో అధికార భాష అది, అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్ళే నాలుగు కోట్లకు పైన ఉన్నారు. హైదరాబాద్‌లో ఇఫ్లూకి (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) వెళ్ళి పిల్లలు కూర్చుని నేర్చుకునే భాషను మీ ఇంట్లో నిషేధించారు.

పరీక్షల కాలెండరు ఇలా పెట్టుకోండి. ప్రెపా మొదటి ఏడు చివర బీ2 నమూనా పేపరు ఇంట్లో రాయించండి. రెండో ఏడు చివర, దరఖాస్తు పెట్టాలనుకునే యూనివర్సిటీలు ఏ పరీక్ష తీసుకుంటాయో చూసి ఆరు వారాలు ఆ పరీక్ష పద్ధతికి ఇవ్వండి. మూడో ఏడు మొదట్లో అసలు పరీక్ష రాయించండి, తక్కువొస్తే మళ్ళీ రాయడానికి వ్యవధి ఉంటుంది.

దరఖాస్తు ఫారం ఆమే నింపినా పక్కన కూర్చోండి. ‘బచియెరాతో’ అంటే ప్రెపా చదువు, దాన్ని ‘బ్యాచిలర్స్’ అని రాస్తే డిగ్రీ అయిపోయిందనుకుంటారు. డిగ్రీని మెక్సికోలో ‘లిసెన్సియాతురా’ అంటారు. ‘కోలెహియో’ స్కూలు, ‘కాలేజ్’ కాదు. ‘కర్రేరా’ డిగ్రీ చదువు, ‘కెరీర్’ కాదు. మార్కులు స్కూలు పదికి ఇస్తే పదికే, వందకు ఇస్తే వందకే రాయండి. మీరే శాతంగానో జీపీఏగానో మార్చి రాయొద్దు, ఆ లెక్క యూనివర్సిటీ వాళ్ళు చూసుకుంటారు.