జర్మన్ పే స్లిప్పుల అనువాదం: మా అమ్మాయిని చేరమనాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం చేసింది, జర్మన్‌లో బీ1 (మధ్యస్థాయి పరీక్ష) పాసైంది. జర్మనీ ఉద్యోగుల పే స్లిప్పులు, ఉద్యోగ ఒప్పందాలు ఇంగ్లిష్‌లోకి మార్చే పనికి హైదరాబాద్‌లో ఒక కంపెనీ పిలిచింది. ఇదంతా ఇప్పుడు కంప్యూటరే చేసేస్తోంది కదా. చేరమనాలా, ఎంబీఏకి పంపాలా? – ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: చేరమనండి. అయితే ట్రాన్స్‌లేటర్ అన్న హోదా కోసం కాదు, పేరోల్ పని, అంటే జీతాల లెక్కల పని, చేతికొస్తుందని. ఈ పనిలో జర్మన్ ఎంత అవసరమో, ఆమె చదివిన బీకాం కూడా అంతే అవసరం.

కంప్యూటర్ మాటలు మారుస్తుంది, నిజమే. చిక్కెక్కడో చూడండి. జర్మన్‌లో ఉద్యోగి రాజీనామా చేసినా, కంపెనీ తీసేసినా ‘క్యుండిగుంగ్’ అనే అంటారు. ఆ ఉత్తరం ఎవరు ఎవరికి రాశారో చూసుకోకుండా ‘డిస్మిసల్’ అని రాస్తే, తనంతట తాను మానేసిన మనిషిని కంపెనీ తీసేసినట్టు రికార్డుకెక్కుతుంది. సెలవుల డబ్బు దగ్గరా ఇదే తంటా. ‘ఊర్లౌబ్స్‌ఎంట్‌గెల్ట్’ సెలవు రోజులకు ఇచ్చే మామూలు జీతం. చట్టప్రకారం ఇచ్చి తీరాలి. ‘ఊర్లౌబ్స్‌గెల్ట్’ దానిమీద అదనంగా ఇచ్చే బోనస్. ఒప్పందంలోనో, యూనియన్‌తో కుదిరిన అగ్రిమెంట్‌లోనో ఉంటే వస్తుంది, లేకపోతే సాధారణంగా రాదు. ‘ఊర్లౌబ్స్‌అబ్‌గెల్టుంగ్’ ఉద్యోగం వదిలేటప్పుడు మిగిలిన సెలవులకు ఇచ్చేది, మన లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ లాంటిది. మూడింటికీ ‘హాలిడే పే’ అని పెడితే లెక్కలు ఎక్కడా కలవవు.

పే స్లిప్‌లో ‘ఏజీ’ అని కనిపిస్తే అది యజమాని వాటా, ‘ఏఎన్’ అంటే ఉద్యోగి వాటా. అదే కాగితంపైన కంపెనీ పేరు చివర ఉండే ‘ఏజీ’ వేరు, అది జాయింట్ స్టాక్ కంపెనీ అని చెప్పే గుర్తు. పెన్షన్ బీమాకు జీతంలో 18.6 శాతం పోతుంది, చెరి సగం, అంటే 9.3 శాతం చొప్పున. ఆ లెక్కకు తీసుకునే జీతానికో గరిష్ఠ పరిమితి ఉంది, దాన్ని ఏటా మారుస్తారు. 2025లో నెలకు 8,050 యూరోలు. ఆ పరిమితి పేరు ‘బైట్రాగ్స్‌బెమెస్సుంగ్స్‌గ్రెన్జె’. పీఎఫ్ సీలింగ్ చదువుకున్న పిల్లకి అర్థం కావడం తేలికే, పలకడమే కష్టం. చర్చి సభ్యులు కట్టే చర్చి పన్ను బవేరియా, బాడెన్-వుర్టెంబెర్గ్‌లలో 8 శాతం, మిగతాచోట్ల 9 శాతం. ఇది జీతంమీద కాదు, ఆదాయపు పన్నుమీద. ఈ తేడా తెలియనివాళ్లు చూస్తే స్లిప్ తప్పేమో అనుకుంటారు. అన్నట్టు, 3.450,00 అంటే మూడు వేల నాలుగు వందల యాభై. అక్కడ చుక్క వేలకి, కామా పైసలకి.

అన్నిటికన్నా గమ్మత్తైనది పనితీరు సర్టిఫికెట్, ‘ఆర్బైట్స్‌త్సోయిగ్నిస్’. ‘మాకు పూర్తి సంతృప్తి కలిగేలా పనిచేశారు’ అని ఉంటే మనకు పొగడ్తలాగే ఉంటుంది. జర్మన్ హెచ్‌ఆర్ వాళ్లకి మాత్రం అది సగటు మార్కు. ముందు ‘ఎల్లప్పుడూ’ అన్న మాట కూడా ఉంటే మంచి మార్కు. కంప్యూటర్ వాక్యాన్ని తప్పు లేకుండా మారుస్తుంది, కానీ మార్కు సంగతి చెప్పదు. అది చెప్పగలిగే మనిషినే కంపెనీ జీతమిచ్చి పెట్టుకుంటుంది.

ఇక బీ1తో ఒప్పందాలు చదవడం కష్టం. ఏడాదిలో బీ2 పూర్తి చేయించండి. హైదరాబాద్‌లో గోథె సెంట్రుమ్ ఉంది. ఇంగ్లిష్ విషయంలో ఒక జాగ్రత్త: జర్మన్ సోషల్ ఇన్సూరెన్స్‌ను ‘నేషనల్ ఇన్సూరెన్స్’ అని రాయకూడదు. అది బ్రిటన్ పద్ధతి పేరు. సరైన జోడీ లేని పదాన్ని జర్మన్‌లోనే ఉంచి, పక్కన ఒక వాక్యంలో వివరం రాయడం మేలు. జర్మనీలో ప్రభుత్వ ఆఫీసులకిచ్చే అనువాదాలు మామూలుగా అక్కడి కోర్టు దగ్గర ప్రమాణం చేసిన అనువాదకులే చేయాలి. కంపెనీ లోపలి పనికి ఆ అవసరం లేదు.

ఎంబీఏకి తొందరేం లేదు. రెండేళ్లు పనిచేశాక హెచ్‌ఆర్‌లో చేస్తే చదివేది ఎందుకో తెలుస్తుంది. చేరేముందు మాత్రం ఒకటి అడగమనండి: తను కూర్చునేది భాషల టీమ్‌లోనా, పేరోల్ టీమ్‌లోనా? శాప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో పేరోల్ రన్ తన చేత చేయిస్తారా? ‘ఫైల్ వస్తుంది, మార్చి పంపడమే’ అంటే, ఇంకో కంపెనీ చూసుకోవడం మంచిది.