సందేహాలు – సమాధానాలు: కొబ్బరికాయ లేచింది, నీళ్లు పడ్డాయి

ప్రశ్న: 2024 వేసవిలో మా లేఔట్‌లోని పాత బోరు ఎండిపోయింది. టాంకర్ల ఖర్చు భరించలేక కొత్త బోరు వేయించాలనుకున్నాం. మా మామగారు మదనపల్లె వైపు నుంచి నీటిజాడ చెప్పే పెద్దాయన్ని పిలిపించారు. ఆయన అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పెట్టుకుని సైటంతా నడిచారు. ఈశాన్యం మూలకు రాగానే కాయ నిక్కి నిలబడింది. అక్కడ వేయిస్తే 780 అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి. మా అబ్బాయి అది కాకతాళీయమంటాడు. నీళ్లు పడ్డాక ఇంకా వాదన దేనికని మామగారు అంటారు. ఇంతకీ అక్కడ నీళ్లున్నాయని ఆ పెద్దాయనకు తెలిసినట్టా, తెలియనట్టా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

సమాధానం: ఆయన చెప్పింది నిజమైంది, దాన్ని ఆయన మనసారా నమ్మారు కూడా. అయితే ఒక నమ్మకం నిజమైనంత మాత్రాన దాన్ని జ్ఞానమనవచ్చా అన్నది మన దేశంలో చాలా పాత వివాదం. 12వ శతాబ్దపు తత్త్వవేత్త శ్రీహర్షుడు ఒక జూదరి ముచ్చట చెబుతాడు. ఎదుటివాడు గుప్పిట్లో గవ్వలు దాచి ఎన్నున్నాయని అడిగితే, జూదరి నోటికొచ్చినట్టు ‘అయిదు’ అంటాడు. గుప్పిట విప్పితే సరిగ్గా అయిదే ఉంటాయి. అతడికి తెలిసే చెప్పాడని మనలో ఎవరమూ అనం.

అంతకు నాలుగు వందల ఏళ్ల ముందు బౌద్ధ పండితుడు ధర్మోత్తరుడు చెప్పిన ఉదాహరణ ఇంకా చిక్కైనది. మాంసం కాల్చడానికి ఎవరో నిప్పు రాజేశారు. ఇంకా పొగ లేవలేదు గాని, మాంసానికి ఈగలూ దోమలూ ముసిరాయి. దూరాన ఉన్నవాడు ఆ నల్లటి ముసురును పొగ అనుకుని, అక్కడ నిప్పుందని నిశ్చయించుకున్నాడు. నిప్పు నిజంగానే ఉంది. అతడు ఊరికే ఊహించనూ లేదు, ఒక కారణం చూసుకునే చెప్పాడు. అయినా ఆ కారణానికీ ఆ నిప్పుకూ అతడనుకున్న సంబంధం లేదు. 1963లో అమెరికాలో ఎడ్మండ్ గెటియర్ అనే తత్త్వవేత్త మూడు పేజీల వ్యాసంలో ఇలాంటి చిక్కునే లేవదీస్తే పాశ్చాత్య తత్త్వశాస్త్రం దానితో ఈనాటికీ కుస్తీ పడుతోంది. మీ ఈశాన్యం మూల బోరు ఈ కోవలోదేనా అన్నది మనం తేల్చుకోవలసిన విషయం.

లాల్‌బాగ్ గుట్ట మీద కాళ్లకు తగిలే నైస్ అనే గట్టి రాయి బెంగళూరు నేల అడుగున విశాలంగా పరచుకుని ఉంది. ఇలాంటి రాతినేలలో నీరు పైనున్న మెత్తబడిన పొరలోనూ, ఆ కింద రాతి పగుళ్లలోనూ నిలుస్తుంది. 780 అడుగుల లోతుకు దిగిన బోరుకు దారిలో ఏదో ఒక పగులు తగలడం పెద్ద వింతేమీ కాదు. తగలకపోవడమూ వింత కాదు; నేనుండే వీధిలోనే రెండు బోర్లు తెల్లటి రాతిపొడి తప్ప చుక్క నీరు కక్కలేదు. వాటికీ పాయింటు పెట్టినవారున్నారు, వాటి దగ్గరా కొబ్బరికాయ కొట్టారు. ఆ సంగతి ఇప్పుడు ఎవరూ ఎత్తరు.

తార్కికులు రెండు మాటలు వాడతారు: అన్వయం, వ్యతిరేకం. పొగ ఉన్నచోట నిప్పు ఉండటం అన్వయం. నిప్పు లేని చెరువులో పొగ కూడా లేకపోవడం వ్యతిరేకం. ఈ రెండూ చూశాకే పొగ నిప్పుకు గుర్తని నమ్ముతాం. కాయ లేచిన చోట నీళ్లు పడటాన్ని మీ మామగారు కళ్లారా చూశారు. మరి కాయ లేవని చోట తవ్వి చూసిందెవరు? బోరు వేయడానికి లక్షలు పోసేవాళ్లు, నీళ్లు లేవన్న చోట కూడా ఒక బోరు వేసి చూద్దామని ఎన్నడూ అనరు. అందువల్ల ఈ విద్యకు సాక్ష్యం ఎప్పుడూ ఒక వైపునే పోగవుతుంది.

ఆ రెండో వైపును చూడటానికే 1987–88లో జర్మనీలో మ్యూనిక్ దగ్గర ఒక ధాన్యపు కొట్టంలో పరీక్ష పెట్టారు. కింది అంతస్తులో నీటి గొట్టాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి జరుపుతూ, పై అంతస్తులో నడిచేవారిని దాని జాడ చెప్పమన్నారు. ముందుగా వడపోసి ఎంచిన 43 మందిని 843 సార్లు పరీక్షిస్తే, వారిలో చాలామంది జవాబులు కళ్లు మూసుకుని చెప్పినవాటి కంటే మెరుగ్గా లేవు. కొద్దిమందికి నేర్పు కనబడిందని పరీక్ష చేసినవారు అన్నారు. అంతమందిలో కొద్దిమందికి అదృష్టం కలిసిరావడం సహజమని విమర్శకులు బదులిచ్చారు. నాకు విమర్శకుల మాటే సబబుగా తోస్తుంది.

ఇంత చెప్పినా ఆ పెద్దాయన్ని మోసగాడనడం అన్యాయం. మనసులో ఉన్న ఎదురుచూపు మనకు తెలియకుండానే కండరాలను కదిలించగలదని 1852లో విలియం కార్పెంటర్ అనే ఆంగ్ల వైద్యుడు వివరించాడు. కాయ తనంతట తానే లేచిందని ఆయన నిజాయితీగానే నమ్మి ఉంటారు. పైగా ఏళ్ల తరబడి పొలాల గట్ల మీద తిరిగినవారికి నేల వాలు, చెట్ల పచ్చదనం, పుట్టల ఉనికి వంటివి ఆలోచించకుండానే తట్టవచ్చు; 6వ శతాబ్దంలోనే వరాహమిహిరుడు చెట్లనూ పుట్టలనూ భూగర్భ జలానికి గుర్తులుగా లెక్కగట్టాడు. మీ పెద్దాయనకు ఏదైనా తెలిసి ఉంటే ఈ దారిన తెలిసి ఉండాలి, పేరు మాత్రం కొబ్బరికాయకు దక్కి ఉండాలి. చుట్టూ సిమెంటు పరిచి, చెట్టన్నది లేని మీ సైటులో ఆ గుర్తులెన్ని మిగిలాయో మీరే చూసుకోండి. నా మట్టుకు నేను మీ అబ్బాయి పక్షమే. అయితే అతడికి ఒక షరతు: పొరుగువారు అదే పెద్దాయన్ని పిలిచినప్పుడు ఎన్ని అడుగుల్లో పడతాయో, ఎక్కడ పడవో ముందే కాగితం మీద రాయించుకుని, ఫలితం ఎలా వచ్చినా ఆ కాగితాన్ని భద్రపరచాలి. కాకతాళీయమని ఊరికే అనేయడం కూడా పరీక్షకు నిలవని నమ్మకమే.

ప్రశ్న: నేను కళ్లతో చూసిందే నమ్ముతాను. ఇంతకంటే భద్రమైన సూత్రం ఉందా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, వైట్‌ఫీల్డ్

సమాధానం: మన ప్రాచీన భౌతికవాదులైన చార్వాకులు మీకంటే ముందే ఈ మాట అన్నారు. ప్రత్యక్షమొక్కటే ప్రమాణమన్నది, అంటే ఇంద్రియాలకు తెలిసిందే జ్ఞానానికి ఆధారమన్నది, ఏ కంటికీ కనబడే వస్తువు కాదు గనుక, ఆ సూత్రాన్ని స్థాపించడానికే ప్రత్యక్షం చాలదని ప్రతిపక్షులు వారిని నిలదీశారు. అంత దూరం పోనక్కరలేదు. మీ పుట్టినరోజు మీకు ఎలా తెలుసు? మీ అమ్మగారు చెప్పారు, ఆసుపత్రి కాగితం చెప్పింది. నగరంలో కుళాయి తిప్పితే వచ్చే కావేరి నీరు దాదాపు 100 కిలోమీటర్ల అవతల నుంచి పంపుల మీద ఎక్కి వస్తుందని మనందరికీ తెలుసు, ఆ గొట్టాల వెంట నడిచి చూసినవారం ఎందరం? 17వ శతాబ్దంలో కాశీలో పేరు గడించిన మన తెలుగువాడు అన్నంభట్టు ఆప్తవాక్యాన్ని ప్రమాణాల్లో చేర్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడని నిర్వచించాడు. కాబట్టి విన్నదాన్ని నమ్మడంలో తప్పు లేదు, చెప్పినవాడికి ఆ సంగతి ఎలా తెలిసిందని అడగకపోవడంలో ఉంది. వాట్సాప్‌లో తిరిగే సందేశాలకు ఈ ప్రశ్న వేస్తే, వాటిలో సగానికి చెప్పినవాడే దొరకడు.

ప్రశ్న: రేపు సూర్యుడు ఉదయిస్తాడని కూడా నిరూపించలేమని హ్యూమ్ అన్నాడట. అలాగైతే శాస్త్రానికీ మూఢనమ్మకానికీ తేడా ఏమిటి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, జయనగర్

సమాధానం: నిన్నటిదాకా జరిగింది రేపూ జరుగుతుందనడానికి తర్కంలో ఆధారం లేదని స్కాట్లండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1748లో అచ్చయిన గ్రంథంలో వాదించాడు. అది అలవాటు వల్ల కలిగే ఎదురుచూపని ఆయన అభిప్రాయం. ఎన్ని పొయ్యిలు చూసినా పొగకూ నిప్పుకూ విడదీయరాని సంబంధం ఉందని ఎలా తేల్చారని చార్వాకులు అడిగిందీ ఇదే. న్యాయశాస్త్ర పండితుడు ఉదయనాచార్యుడు దీనికి చెప్పిన జవాబు నాకు ఇష్టం. ఆచరణకు అడ్డు తగిలేదాకానే అనుమానం సాగుతుందని ఆయన అంటాడు. నిప్పు వల్ల పొగ వస్తుందో రాదోనని వాదించేవాడు సైతం పొగ కావలసినప్పుడు నిప్పే వెతుక్కుంటాడు, ఆకలేస్తే అన్నానికే కూర్చుంటాడు. ఇది హ్యూమ్‌కు పూర్తి జవాబు కాదని ఒప్పుకుంటాను. ఆయనా బల్ల దగ్గర నుంచి లేచాక అందరిలాగే బతికాడు. ఇక తేడా అంటారా, నేల విద్యున్నిరోధాన్ని కొలిచి పాయింటు పెట్టే జియాలజిస్టు లెక్క కూడా తప్పుతుంది. తప్పినప్పుడు ఆయన ఆ కొలతను మళ్లీ పరిశీలించుకోవలసి వస్తుంది. కొబ్బరికాయ తప్పితే, ఆరోజు తిథి మంచిది కాదంటారు.