బుధవారం ఇంటర్వ్యూకి బయలుదేరే ముందు

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు నీ దగ్గరే ఉంది. "అత్తా, అమెజాన్ క్లౌడ్ ఉద్యోగం ఇంటర్వ్యూకి 300 ప్రశ్నల పీడీఎఫ్ దొరికింది, రోజుకు 50 బట్టీ పడుతున్నా" అన్నావు. పొయ్యి మీద కూర ఉండి అప్పుడేమీ చెప్పలేకపోయాను. ఆ పీడీఎఫ్ పక్కన పెట్టేయమ్మా. నేను ఈ బెంగళూరులో 22 ఏళ్లుగా సర్వర్ల పనిలో ఉన్నాను, 8 ఏళ్లుగా ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చుంటున్నాను. నిర్వచనాలు గడగడా అప్పజెప్పి, ఆ తర్వాతి ప్రశ్న దగ్గర ఆగిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను.

ఆ తర్వాతి ప్రశ్న ఎక్కువగా ఇలా ఉంటుంది: "ఈసీటూ మెషీన్ మీద వెబ్‌సైట్ పెట్టావు, తెరుచుకోవడం లేదు. ఏం చేస్తావు?" ఈసీటూ అంటే అమెజాన్ క్లౌడ్‌లో అద్దెకు తీసుకునే సర్వర్. చాలామంది వెంటనే "సెక్యూరిటీ గ్రూప్ చూస్తాను మేడమ్" అంటారు, అంటే మెషీన్‌కి కాపలా కాసే నియమాలు. నాకు మాత్రం "స్క్రీన్ మీద ఏమని వస్తోంది మేడమ్?" అని తిరిగి అడిగే పిల్ల కావాలి. ఎందుకంటే సగం జవాబు అక్కడే ఉంది. చాలాసేపు తిరిగి తిరిగి టైమవుట్ అయిందంటే ప్యాకెట్, అంటే నువ్వు పంపిన డేటా ముక్క, దారిలోనే పోయింది. సెక్యూరిటీ గ్రూప్‌లో ఆ పోర్ట్ (మెషీన్‌లోకి వెళ్లే తలుపు నంబరు) తెరిచి ఉండదు, లేదా రూట్ టేబుల్‌లో (దారుల పట్టికలో) ఇంటర్నెట్‌తో కలిపే ఇంటర్నెట్ గేట్‌వేకి దారి ఉండదు, లేదా మెషీన్‌కి బయటివాళ్లు చేరుకునే అడ్రస్, పబ్లిక్ ఐపీయే ఉండదు. నొక్కిన వెంటనే "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని వచ్చిందంటే మామూలుగా మెషీన్ దాకా చేరావని అర్థం, ఆ పోర్ట్ మీద పలికేవాళ్లే లేరు. వెబ్‌సైట్ అందించే సాఫ్ట్‌వేర్ ఇంజిన్‌ఎక్స్ ఆగిపోయి ఉంటుంది, లేకపోతే వేరే పోర్ట్ మీద నడుస్తుంటుంది. చుట్టాల ఊరికి బస్సే దొరక్కపోవడం ఒకటి, ఇంటి దాకా వెళ్లాక తలుపుకు తాళం కనిపించడం ఇంకొకటి కదా, అలాగన్నమాట.

మధ్యలో లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే పనిని మెషీన్లకు పంచేది) ఉంటే స్క్రీన్ మీద వచ్చే ఎర్రర్ అంకెలు చూడు. 502 అంటే వెనకున్న మెషీన్ సరైన జవాబు ఇవ్వలేదు, లేదా మధ్యలో కనెక్షన్ తెంపేసింది. 504 అంటే సమయానికి జవాబే రాలేదు. టార్గెట్ గ్రూప్‌లో (అది పని పంచే మెషీన్ల జాబితాలో) ఒక్క మెషీన్ కూడా నమోదై లేకపోతే 503 వస్తుంది. ఇంకొకటి, సెక్యూరిటీ గ్రూప్‌కి జ్ఞాపకం ఉంటుంది: లోపలికి రానిచ్చిన కనెక్షన్‌కి జవాబును తనే బయటికి పోనిస్తుంది. సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లో ఒక భాగం) అంతటికీ కాపలా కాసే నెట్‌వర్క్ ఏసీఎల్‌కి ఆ జ్ఞాపకం లేదు. జవాబు వెళ్లడానికి బయటి వైపు 1024 నుంచి 65535 వరకు పోర్ట్‌లు విడిగా తెరవాలి. అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు.

ఇవి చదివితే గుర్తుండవు, చేత్తో పాడు చేసి చూస్తేనే ఉంటాయి. ఈ నాలుగు సాయంత్రాలు ఒక వీపీసీ (క్లౌడ్‌లో నీ సొంత నెట్‌వర్క్), పబ్లిక్, ప్రైవేట్ సబ్‌నెట్‌లు, ఒక చిన్న మెషీన్ పెట్టు. సైట్ తెరుచుకున్నాక ఒక్కొక్కటే చెడగొట్టు: పోర్ట్ మూసేయి, రూట్ తీసేయి, ఇంజిన్‌ఎక్స్ ఆపేయి. ప్రతిసారీ స్క్రీన్ మీద ఏం వచ్చిందో నోట్‌బుక్‌లో నీ మాటల్లో రాసుకో. మొదలుపెట్టే ముందే బడ్జెట్ అలర్ట్ పెట్టుకో, పడుకునే ముందు అన్నీ తీసేయి. ప్రైవేట్ సబ్‌నెట్ నుంచి బయటికి దారి ఇచ్చే నాట్ గేట్‌వేకి వాడినా వాడకపోయినా గంటల లెక్కన డబ్బు పడుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కి కూడా గంట లెక్కే.

చిన్న లెక్కలు నోటికి వచ్చి ఉండాలి. /24 సబ్‌నెట్‌లో 256 అడ్రస్‌లు, అమెజాన్ 5 తన దగ్గర ఉంచుకుంటే నీకు మిగిలేవి 251. 99.9 శాతం అందుబాటు అంటే 30 రోజుల నెలలో 43 నిమిషాలు ఆగినా ఒప్పందంలోనే ఉన్నట్టు.

నీ పొరపాటు ఏదైనా చెప్పమని అడిగితే దాచుకోకు. 2017 ఫిబ్రవరి 28న అమెరికాలో అమెజాన్ ఫైళ్లు దాచే సేవ ఎస్3 కొన్ని గంటలు ఆగిపోయింది. బిల్లింగ్ సమస్య ఒకటి వెతుకుతూ ఒక ఉద్యోగి కమాండ్‌లో ఒక విలువ తప్పు కొట్టడంతో, తీయాల్సినదానికంటే ఎక్కువ సర్వర్లు పోయాయి. అమెజానే ఆ సంగతి రాసి బయటపెట్టింది. నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు టెస్ట్ అనుకుని అసలు డిస్క్ చెరిపేశాను. బ్యాకప్ నుంచి తిరిగి తేవడానికి రాత్రంతా పట్టింది. తర్వాతి ఇంటర్వ్యూలో అదే చెప్పాను: ఏం చేశాను, ఎలా కనిపెట్టాను, మళ్లీ జరగకుండా ఏ పద్ధతి పెట్టాను అని. ప్యానెల్ నన్ను ఎక్కువసేపు అడిగింది దాని గురించే.

ఇంగ్లిష్ గురించి టెన్షన్ వద్దు. ఇక్కడి ప్యానెల్‌లో తమిళులు, కన్నడిగులు, మలయాళీలు, ఎవరి యాసలో వాళ్లే మాట్లాడతారు. చిన్న వాక్యాలు చాలు. తెలియనిది అడిగితే "ఇది నేను చేయలేదు, చేయాల్సి వస్తే ఇక్కడి నుంచి మొదలుపెడతాను" అను.

ఇక నీ రూమ్మేట్ చెప్పిందన్నావే, మారతహళ్లిలో ఎవరో డబ్బు తీసుకుని మూడేళ్ల అనుభవం రాసిచ్చేస్తారని. ఆ మాట తలుచుకుంటేనే నా గుండె జారిపోతోంది. పీఎఫ్ ఖాతా నంబర్ యూఏఎన్‌లో ఏ సంస్థలో ఎప్పుడు చేరావో, ఎప్పుడు మానేశావో కనిపిస్తుంది, వెరిఫికేషన్‌లో చాలా కంపెనీలు మొదట చూసేది అదే. అలా దొరికిపోయి, చేరిన రెండో నెలలో ల్యాప్‌టాప్ ఇచ్చేసి ఏడుస్తూ లిఫ్ట్ ఎక్కిన అబ్బాయిని నేను కళ్లారా చూశాను. మా అన్నయ్య, మీ నాన్న, నీకోసం ఆ డబ్బు అప్పు చేసైనా కట్టేస్తాడు, అందుకే ముందే చెబుతున్నాను, ఆయన దగ్గర ఆ ఊసే ఎత్తకు. రెజ్యూమెలో ఫ్రెషర్ అనే రాయి. దాని కింద నీ నోట్‌బుక్‌లో ఉన్న పని రాయి.

మంగళవారం మధ్యాహ్నం అనంతపురంలో బస్సెక్కు, హెబ్బాళ్‌లో దిగు, మామయ్య వస్తాడు. మాది కేఆర్ పురం కాబట్టి బుధవారం పొద్దున పర్పుల్ లైన్ మెట్రోలో నేరుగా వైట్‌ఫీల్డ్ వెళ్లిపోవచ్చు, ట్రాఫిక్ గొడవ లేదు. మంగళవారం రాత్రి భోజనం అయ్యాక నేనే ఒక మెషీన్‌ని మూడు చోట్ల పాడు చేసి నీ ముందు పెడతాను. నోట్‌బుక్ మర్చిపోకుండా తెచ్చుకో.

మీ అత్త