రెండో తరగతి బాబు కుదురుగా కూర్చోడు – ఏడీహెచ్‌డీయేనా?
టీచర్ గారూ, కావలిలో మీ రెండో తరగతి బాబు బెంచీ మీద నిలవడనీ, వాళ్లమ్మేమో "ఇంట్లో గంటసేపు కదలకుండా ఫోన్ చూస్తాడుగా" అంటోందనీ రాశారు. ఇది ఏడీహెచ్‌డీయేనా, అంటే ధ్యాస నిలవకపోవడం, అతి దుడుకుతనం ఉండే సమస్యేనా అని అడిగారు. ఫోన్ లెక్కలోకి రాదండి, క్షణానికో బొమ్మ మారుతుంటే ఏ పిల్లాడైనా అతుక్కుపోతాడు. ఎక్కాలు రాసేటప్పుడు చూడండి.

రెండు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టండి. అందులో "అల్లరి" అని రాస్తే డాక్టరుకి ఉపయోగం లేదు. "లెక్కల పీరియడ్, 10 నిమిషాల్లో 4 సార్లు లేచాడు, రెండో లెక్క సగంలో వదిలేశాడు" అని రాయండి. ఇంట్లో వాళ్లమ్మనీ ఇలాగే రాయమనండి. ఏడీహెచ్‌డీకి డాక్టర్లు చూసేవి ధ్యాస నిలవకపోవడానికి 9 లక్షణాలు, దుడుకుతనానికి 9. ఏదో ఒకదాంట్లో కనీసం 6, ఆర్నెల్లుగా, బడిలోనూ ఇంట్లోనూ కనిపిస్తూ చదువుకి అడ్డం పడుతుంటేనే అనుమానించాలి. బడిలో మాత్రమే అయితే ముందు చూపు, వినికిడి, చదవడంలో ఇబ్బంది ఉన్నాయేమో చూపించాలి. నిద్ర చాలని పిల్లలూ ఇలాగే ఉంటారు.

మాట మధ్యలో కొన్ని సెకన్లు చూపు నిలిచిపోయి, తాకినా పలక్కపోతే అది మూర్ఛలో ఒక రకం కావచ్చు, ఆలస్యం చేయొద్దు.

నోట్‌బుక్‌తో నెల్లూరు పెద్దాసుపత్రి పిల్లల విభాగానికి పంపండి. పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరుని రెఫరల్ అడగొచ్చు. ఈలోగా ముందు బెంచీ, ఒకసారికి ఒకే పని, మధ్యమధ్యలో బోర్డు తుడిచే బాధ్యత ఇవ్వండి.

అన్నట్టు, కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్లల పేజీలూ రాయండి. వాళ్లకీ ధ్యాస నిలవని రకం ఉండొచ్చు, కానీ అల్లరి చేయరు కాబట్టి వాళ్లని ఎవరూ డాక్టరు దగ్గరికి పంపరు.